ఇంటిల్లిపాదీ బడికి



మీ విచారణలో కేరళ నుంచో తమిళనాడు నుంచో వచ్చిన గురువులు, సిస్టర్లు ఎప్పుడో ఒకప్పుడు పనిచేసే ఉంటారు. అలాంటి ఒక గురువు వచ్చిన కొత్తలో తెలుగులో చేసిన మొదటి ప్రసంగం మీకు గుర్తుందా? 'వచ్చాడు' అనవలసిన చోట 'వచ్చింది' అంటారు. ముందు వరసలో పిల్లలు మోచేతులతో పొడుచుకుంటారు. పూజ అయ్యాక భోజనాల దగ్గర ఆ మాటను మనమే పెద్దగా అనుకరించి నవ్విస్తాం. మూడేళ్ళు గడిచేసరికి అదే గురువు మన పేటలో ముసలమ్మతో ఆమె యాసలోనే మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుతుంటారు. ఆ మూడేళ్ళలో ఆయన ఎంత అవమానం దిగమింగారో మనం అడగం, ఆయనా చెప్పరు.

ఈ వారం ఆ మూడేళ్ళలో మొదటి ఏడాది గురించి మాట్లాడుకుందాం. ఒంటరిగా వెళ్ళే గురువు సంగతి కాక, భార్యాభర్తలు, పిల్లలు కలిసి ప్రేషిత సేవకు బయలుదేరి, పరాయి దేశంలో ఫ్రెంచి నేర్చుకునే కుటుంబం సంగతి తీసుకుందాం. గృహస్థులకు ప్రేషిత సేవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. రెండవ జాన్ పాల్ పాపుగారు 1990 డిసెంబరు 7న వెలువరించిన 'రెదెంప్తోరిస్ మిస్సియో' అనే విశ్వలేఖలో ఈ సేవ జ్ఞానస్నానం పొందిన ప్రతి ఒక్కరిదీ అని స్పష్టంగా చెప్పారు. నియోకాటెకుమెనల్ మార్గంవారు 1980ల నుంచి కుటుంబాలకు కుటుంబాలనే దూరదేశాలకు పంపుతున్నారు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఈ పద్ధతి అంతకు చాలా ముందునుంచే ఉంది. ఈ విషయంలో వారి అనుభవం మనకంటే ఎక్కువ, వారి దగ్గర నేర్చుకోవడానికి మనం సిగ్గుపడనక్కరలేదు.

అసలు ఫ్రెంచే ఎందుకు? మన పెద్దలు 'పరాసులు' అని పిలిచిన ఆ జాతివారి భాష ఈనాడు వారి దేశంలో కంటే ఆఫ్రికాలోనే ఎక్కువగా వినిపిస్తుంది. ఫ్రెంచి భాషా దేశాల అంతర్జాతీయ సంస్థ 2022లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఫ్రెంచి తెలిసినవారు 32 కోట్ల పైచిలుకు. దాన్ని రోజువారీ వాడుకలో పెట్టుకున్నవారిలో సగానికి పైగా ఆఫ్రికావారే. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో అధికార భాష ఫ్రెంచి. చాద్‌లో ఫ్రెంచితోపాటు అరబ్బీ, కామెరూన్‌లో ఫ్రెంచితోపాటు ఇంగ్లీషు. ఆ దేశాల్లో ఆసుపత్రిలో పనిచేయాలన్నా, బడిలో చెప్పాలన్నా, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవాలన్నా ఈ భాష లేకుండా సాగదు.

అందువల్ల ఆఫ్రికాకు వెళ్ళే ప్రేషితులు చాలామంది ముందు ఒక విద్యా సంవత్సరం ఫ్రాన్సులో ఆగుతారు. అలా ఆగే ఊళ్ళలో ఆల్బెర్‌విల్ ఒకటి. 1992 శీతాకాల ఒలింపిక్ క్రీడలు జరిగిన ఊరు అదే. ఆల్ప్స్ కొండల నడుమ, సావోయ్ సీమలో, ఇరవై వేలకు లోపు జనాభా ఉన్న చిన్న పట్టణం. ఎవాంజెలికల్ సంఘాలవారు ప్రేషిత కుటుంబాలకు ఫ్రెంచి నేర్పే కేంద్రం అక్కడ ఉంది.

సావోయ్ అనగానే విశాఖపట్నం విచారణలవారు చెవులు నిక్కించి ఉండాలి! ఆల్బెర్‌విల్‌కు దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్నది ఆనెసీ పట్టణం. పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ గారి ఊరు. ఆయన పేరు పెట్టుకున్న సభకు చెందిన గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. 1849లో ఆనెసీ నుంచే పునీత జోజప్పగారి సిస్టర్లు యానాంలో దిగారు. వారు వచ్చేనాటికి సావోయ్ ఇంకా ఫ్రాన్సులో కలవలేదు (1860లో కలిసింది), కానీ వారు మాట్లాడేది మాత్రం ఫ్రెంచే. ఇక్కడికి వచ్చి వారు తెలుగు ఎవరి దగ్గర నేర్చుకుని ఉంటారు? వంట చేసినవారి దగ్గర, నీళ్ళు మోసినవారి దగ్గర, ఉపదేశుల దగ్గర, అంటే మన ముత్తాతల దగ్గరే. వారికంటే నూరేళ్ళు ముందే వచ్చిన ఫ్రెంచి యేసుసభ గురువు కేర్దూ గారు తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదాలతో నిఘంటువు కూర్చారు. సంస్కృతానికీ, గ్రీకు, లాటిను భాషలకూ చుట్టరికం ఉందని 1767లో పారిస్ పండితులకు రాసింది కూడా ఆయనే. ఆనాడు ఫ్రెంచివారు మన అ, ఆ లు దిద్దారు. ఈనాడు మనవంటి వారు వెళ్ళి వారి అక్షరాలు దిద్దుతున్నారు.

ఇక ఒక కుటుంబాన్ని మనసులో నిలుపుకుందాం. పేర్లు అక్కరలేదు. తండ్రి, తల్లి, ఎనిమిదేళ్ళ పాప, మూడేళ్ళు నిండని బాబు. వారు కొరియావారో బ్రెజిల్‌వారో కావచ్చు, కానీ తెలుగువారే అనుకుంటే మనకు బాగా తెలిసివస్తుంది. తండ్రి నర్సు, తల్లి టీచరు. ఏడాది తరువాత కాంగోలోని కిన్షాసాకు వెళ్ళాలి. సెప్టెంబరులో ఫ్రాన్సులో దిగారు.

మొదటి వారం అంతా ఉత్సాహమే. కొండలు, చలి, రొట్టెల దుకాణంలో వెన్న వాసన. రెండవ వారం నుంచి అసలు పని మొదలవుతుంది. పొద్దున్నే తరగతి, మధ్యాహ్నం దాకా వినడం, పలకడం. సాయంత్రం క్రియల పట్టికలు. భాషా సామర్థ్యానికి ఐరోపావారు ఆరు మెట్లు పెట్టారు: ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2. నాలుగో మెట్టు దాకా ఎక్కితే తప్ప ఆసుపత్రిలో రోగి చెప్పేది విని సరిగ్గా రాసుకోవడం కష్టం. ఏడాదిలో అందరూ ఆ మెట్టు ఎక్కరు.

ఇక్కడే చాలా ఇళ్ళలో ఒక తప్పు జరుగుతుంది. ఎవరూ కావాలని చేయరు, దానంతట అదే జరిగిపోతుంది. బాబుకు జ్వరం వస్తుంది. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. "నువ్వు ఉండు, నాకు రేపు పరీక్ష ఉంది" అంటాడు భర్త. ఆమె ఉంటుంది. మరో వారం ఇంటి అద్దె కాగితాలు, ఇంకో వారం పాప బడిలో సమావేశం. మూడు నెలలు గడిచేసరికి భర్త భూతకాలం క్రియల్లో ఉంటాడు, భార్య ఇంకా పండ్ల పేర్ల దగ్గరే ఉంటుంది. తెలియని మాట వస్తే భర్త వైపు చూడడం ఆమెకు అలవాటవుతుంది. కిన్షాసా వెళ్ళాక ఆసుపత్రిలో భర్త చుట్టూ మనుషులు ఉంటారు, ఆమె చుట్టూ గోడలు ఉంటాయి. ప్రేషిత సేవకు బయలుదేరిన ఇద్దరిలో ఒకరు మూగగా మిగిలిపోతారు. భాష రాని ఇల్లాలు ఆ దేశంలో ఎంతకాలం నిలబడగలదు చెప్పండి? ఆమె కుంగిపోతే కుటుంబం మొత్తం తిరుగుప్రయాణం కట్టవలసిందే. అప్పుడు ఊళ్ళో జనం "వాతావరణం పడలేదట" అనుకుంటారు.

నా మటుకు నేను ఒక మాట గట్టిగా చెబుతాను. భాషా శిక్షణకు కుటుంబాన్ని పంపేవారు, అది మేత్రాసనమైనా మరే సంస్థ అయినా, తల్లికి తరగతిలో ఒక కుర్చీ ఖాయం చేయకుండా టిక్కెట్లు కొనకూడదు. బాబును చూసుకోవడానికి మనిషిని గానీ, శిశుకేంద్రాన్ని గానీ ముందే ఏర్పాటు చేయాలి. ఆ ఖర్చు విలాసం కాదు, విమానం ఖర్చు ఎలాంటిదో అదీ అలాంటిదే. జ్వరం వచ్చిన రోజుల్లో భార్యాభర్తలు వంతులు వేసుకోవాలి. ఈ వారం పరీక్ష పోయినా ఫరవాలేదు, పై నెలలో రాసుకోవచ్చు.

తరగతి దొరకని రోజుల్లో కూడా ఆమెకు బడి ఉంది, అది పాప చదివే బడి గేటు. ఫ్రాన్సులో 2019 నుంచి మూడేళ్ళు నిండిన ప్రతి బిడ్డకూ చదువు నిర్బంధం. పసిపిల్లల బడిని వారు 'ఎకోల్ మాతెర్నెల్' అంటారు, తల్లిబడి అని అర్థం. పొద్దున పిల్లల్ని దింపేటప్పుడు, సాయంత్రం తీసుకెళ్ళేటప్పుడు తల్లులు గేటు దగ్గర నిలబడి మాట్లాడుకుంటారు. 'అబ్బ ఏమి చలి', 'మీ బాబుకు జలుబు తగ్గిందా' ఇలాంటి మాటలే. రోజుకు మూడు వాక్యాలు ఇంట్లో కంఠస్థం చేసుకుని వెళ్ళి, అవే మూడింటిని పదిమందితో అనాలి. థామస్, ఎలిజబెత్ బ్రూస్టర్ అనే అమెరికా దంపతులు 1976లో ప్రేషితుల కోసం ఒక భాషాబోధిని ప్రచురించారు. అందులోని కిటుకు ఇదే: నేర్చుకున్నది కొంచెమే అయినా ఆ రోజే వీధిలోకి తీసుకెళ్ళి చాలామందితో వాడమంటారు. భాష నేర్చుకోవడం సేవకు ముందు జరిగే తతంగం అని వారు ఒప్పుకోరు, నేర్చుకోవడమే సేవ అంటారు. నాకు ఆ మాట నచ్చింది. సహాయం చేస్తానని వచ్చినవాడు మొదటిరోజే పొరుగింటావిడను "అమ్మా, దీన్ని ఏమంటారు?" అని అడిగితే, గురువు ఎవరో శిష్యుడు ఎవరో అప్పుడే తేలిపోతుంది.

సరే, ఆ భాష సంగతి కొంచెం చూద్దాం. తెలుగు పిల్లలకు ఫ్రెంచి కొన్నిచోట్ల ఇంగ్లీషువారి కంటే సులువు. మనకు సంధులు ఉన్నాయి కదా! 'రాముడు + అతడు' అంటే 'రాముడతడు' అయినట్టే, ఫ్రెంచిలో 'లా' అనే మాట పక్కన నీటికి పేరైన 'ఓ' వస్తే 'లో' అవుతుంది. ముందున్న అచ్చు లోపిస్తుంది. 'లే' పక్కన పిల్లలు అనే అర్థంగల 'ఆంఫాఁ' వస్తే 'లేజాంఫాఁ' అంటారు, రాతలో చివర ఉండి పలకని అక్షరం కాస్తా అచ్చు కనబడగానే నోరు తెరుస్తుంది. బడిలో సంధులు నేర్పిన తెలుగు పంతులుగారిని ఆనాడు తిట్టుకున్నవారు ఈనాడు ఆయనకు దండం పెట్టుకోవాలి.

మర్యాద సంగతీ అంతే. ఇంగ్లీషువాడికి అందరూ ఒకటే. ఫ్రెంచివారికి 'త్యూ' అంటే నువ్వు, 'వూ' అంటే మీరు. ఎవరిని ఏమనాలో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. దుకాణంలోకి వెళ్ళగానే 'బోంజూర్' అని పలకరించకుండా "ఒక రొట్టె ఇవ్వండి" అంటే అక్కడివారు మొహం ముడుచుకుంటారు. ఇంటికి వచ్చినవాడు కూర్చోకుండానే పని సంగతి ఎత్తితే మన పెద్దవాళ్ళూ అంతే కదా.

కష్టాలు వేరే చోట ఉన్నాయి. బల్ల ఆడది, పుస్తకం మగది. నపుంసకం అనేదే లేదు. ఏ వస్తువు ఏ జాతో బుద్ధితో తేల్చలేం, మాటతోపాటే గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో 'సంతోషంగా ఉన్నాను' అని ఆడవారైనా మగవారైనా ఒకేలా అంటాం. అక్కడ భర్త 'కోంతాఁ' అంటే భార్య 'కోంతాంత్' అనాలి. 'ఈ' అనడానికి నాలుకను సిద్ధం చేసి, పెదవులు మాత్రం 'ఊ' అన్నట్టు ముడిస్తే వచ్చే ఒక అచ్చు ఉంది. అద్దం ముందు నిలబడి అది పలుకుతుంటే ఇంట్లో పిల్లలు పడిపడి నవ్వుతారు. ఇక అంకెలు! డెబ్భైని 'అరవై పది' అంటారు, ఎనభైని 'నాలుగు ఇరవైలు' అంటారు, తొంభై ఏడును 'నాలుగు ఇరవైల పదిహేడు' అంటారు. పైగా ఫోను నంబరును రెండేసి అంకెల జతలుగా చదువుతారు. డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి ఫోనులో గబగబా నంబరు చెబుతుంటే, 'నాలుగు ఇరవైలు' వినగానే ఎనభై రాయాలా, తొంభై రాయాలా అని కలం గాలిలో ఆగిపోతుంది. ఆ లోపల తరువాతి జత కూడా వెళ్ళిపోతుంది.

తప్పులు దొర్లుతాయి. భోజనానికి పిలిచినవారు ఇంకొంచెం వడ్డించబోతే, మన ఇల్లాలు 'కడుపు నిండింది' అనే అర్థంలో 'జ్ సుయి ప్లెన్' అందనుకోండి. బల్ల చుట్టూ ఒక్క క్షణం నిశ్శబ్దం, తరువాత నవ్వులు. ఆ మాటకు అక్కడ 'చూలుతో ఉన్నాను' అని అర్థం, అదీ పశువుల విషయంలో వాడేది! కడుపు నిండడానికీ కడుపుతో ఉండడానికీ తేడా తెలిసిన తెలుగువారు ఆమె అవస్థను వెంటనే గ్రహించగలరు. ఆమె మొహం ఎర్రబడుతుంది. కానీ ఆ నవ్విన ఇంటావిడే మర్నాడు బడి గేటు దగ్గర ఆమె కోసం ఆగుతుంది. తప్పు చేయని మనిషికి ఎవరూ అంత త్వరగా దగ్గర కారు.

జపాల దగ్గర మాత్రం మన కుటుంబం నిజంగా తికమకపడుతుంది. మన కతోలిక జపాల్లో పరలోక జపంలో తండ్రిని 'మీ' అనే సంబోధిస్తాం, మరియమ్మగారినీ 'మీరు' అనే అంటాం. చిన్ననాటి నుంచి నాలుకకు పట్టిన మర్యాద అది. ఫ్రెంచి కతోలికులు కూడా పూర్వం దేవుణ్ణి 'వూ' అనే పిలిచేవారు. 1966లో క్రైస్తవ సంఘాలు కలిసి ఒప్పుకున్న పరలోక జపం పాఠంలో అది 'త్యూ'గా మారింది. మంగళవార్త జపంలో మాత్రం మరియమ్మగారికి 'వూ' ఈనాటికీ అలాగే ఉంది. అంటే మన పాప గుడిలో తండ్రియైన దేవుణ్ణి 'నువ్వు' అనాలి, ఆ వెంటనే మరియమ్మగారిని 'మీరు' అనాలి. "నాన్నా, దేవుడికంటే మరియమ్మ పెద్దదా?" అని పాప అడిగితే మీరేం చెబుతారు? నేనైతే ఇలా చెబుతాను: ఇంట్లో నాన్నను 'నువ్వు' అనే పిల్లలున్నారు, 'మీరు' అనే పిల్లలున్నారు. పిలుపు మారినా తండ్రి మారడు.

ఆ జపంలోనే ఇంకొక మార్పు వచ్చింది. శోధనను గురించిన మనవిలో పాత ఫ్రెంచి పాఠం దేవుడే మనల్ని శోధనకు లోను చేస్తాడేమో అన్నట్టు వినిపించేది. దాన్ని 'మమ్మల్ని శోధనలో పడనీయకు' అనే భావం వచ్చేలా సవరించారు. బెల్జియం, బెనిన్ దేశాల్లో 2017 పెంతెకోస్తు పండుగ నుంచి, ఫ్రాన్సులో అదే ఏడాది డిసెంబరు 3న, ఆగమనకాలపు మొదటి ఆదివారం నుంచి ఈ పాఠం వాడుకలోకి వచ్చింది. యాభై ఏళ్ళు ఒక విధంగా జపించిన ముసలివారు కొత్త మాట దగ్గర తడబడ్డారు. పుట్టినప్పటి నుంచి ఫ్రెంచి మాట్లాడేవారే గుడిలో మళ్ళీ విద్యార్థులయ్యారన్నమాట.

పిల్లల విషయానికి వద్దాం. తల్లిదండ్రులు ఎక్కువగా భయపడేది వీరి గురించే, తక్కువగా ఆలోచించేదీ వీరి గురించే. పిల్లలు భాషను స్పంజిలా పీల్చుకుంటారని అందరూ అంటారు. నిజమే కానీ ముందు ఒక మౌనకాలం ఉంటుంది. ఎనిమిదేళ్ళ పాప బడికి వెళ్ళి వారాల తరబడి ఒక్క మాటా మాట్లాడకపోవచ్చు. ఆట స్థలంలో గోడ పక్కన నిలబడుతుంది. ఇంటికి వచ్చి చెప్పు విసిరికొడుతుంది. 'దేవుని పని కోసం వచ్చాం కదమ్మా' అని ఆ పూట ఆమెకు ఉపదేశం చేయకండి. వచ్చింది మీరు, ఆమెను తెచ్చారు. కాస్త వేడివేడి అన్నం పెట్టి, తెలుగులో కథ చెప్పండి. చాలా ఊళ్ళలో బుధవారం బడి ఉండదు, ఆ రోజును పాపకు ఇవ్వండి.

వసంతం వచ్చేసరికి కథ తిరగబడుతుంది. పాప గబగబా మాట్లాడేస్తుంది, అమ్మ ఉచ్చారణను అందరి ముందూ దిద్దుతుంది. రొట్టెల దుకాణంలో తండ్రి చెప్పింది అర్థం కాకపోతే దుకాణంవాడు పాప వైపు చూస్తాడు. అప్పటి నుంచి కాగితాలన్నీ ఆమె దగ్గరికి వస్తాయి. బ్యాంకు ఉత్తరం, కరెంటు బిల్లు, చివరకు డాక్టరు దగ్గర అమ్మ ఒంట్లోని బాధ కూడా. ఇక్కడ గీత గీయాలి. దుకాణంలో సహాయం చేస్తే చేయనివ్వండి, సంతోషిస్తుంది. డాక్టరు దగ్గరికి మాత్రం పెద్దవారినే తీసుకువెళ్ళండి. తల్లి రోగం పేరు బిడ్డ నోటి గుండా రాకూడదు.

ఇంకొక మాట. ఇంట్లో తెలుగు ఆపవద్దు. పిల్లలకు త్వరగా రావాలని తల్లిదండ్రులు తమకు వచ్చిన ముక్కలు ముక్కల ఫ్రెంచిలోనే ఇంట్లో మాట్లాడతారు. దానివల్ల పిల్లలకు ఫ్రెంచి మెరుగుపడదు సరికదా, తప్పులు నేర్చుకుంటారు. అమ్మమ్మకు ఫోనులో చెప్పడానికి మాటలు మిగలవు. కోపం, జోల, క్షమాపణ ఇంటి భాషలోనే జరగాలి.

జూను వస్తుంది. పరీక్షలు అయిపోతాయి. కుటుంబం కిన్షాసాలో దిగుతుంది. మార్కెట్లో మొదటిరోజే తండ్రి డెబ్భైకి 'అరవై పది' అని గొప్పగా చెబితే అమ్మే ఆవిడ 'సెప్టాంత్' అంటుంది. బెల్జియంవారు పాలించిన దేశం కదా, అక్కడ డెబ్భైకీ తొంభైకీ బెల్జియం పద్ధతిలో 'సెప్టాంత్', 'నోనాంత్' అని తిన్నని మాటలే ఉన్నాయి. కొండల్లో పడ్డ కష్టంలో సగం దండగే అనిపిస్తుంది! అదే పశ్చిమ ఆఫ్రికాకు వెళ్ళి ఉంటే గుమ్మంలోనే 'బొన్ అరివే' అని ఎదురు వచ్చేవారు. ప్రయాణం చేసి వచ్చినవారికి అక్కడివారు చెప్పే స్వాగతం అది. పారిస్‌వారు అలా అనరు.

అంతకంటే పెద్ద సంగతి ఆదివారం తెలుస్తుంది. గుడిలో పాటలు, ప్రార్థనలు లింగాల భాషలో సాగుతాయి. కాంగోలో జాతీయ భాషలుగా గుర్తింపు పొందినవి నాలుగు: లింగాల, స్వాహిలీ, కికోంగో, చిలూబా. కిన్షాసాలో వీధి భాష లింగాల. ఆ దేశానికి జాయీర్ అనే పేరు ఉన్నప్పుడు, 1988లో రోము ఆమోదించిన పూజాక్రమంలో అక్కడి జనం పూర్వీకులను స్మరిస్తూ, నాట్యంతో దివ్యబలిపూజ జరుపుకుంటారు. 2019 డిసెంబరు 1న ఫ్రాన్సిస్ పాపుగారు రోములో పునీత పేతురుగారి మహాదేవాలయంలో కాంగో ప్రజలతో ఆ క్రమంలోనే పూజ చేశారు. మన కుటుంబం ఏడాది కష్టపడి నేర్చుకున్న ఫ్రెంచి ఆసుపత్రి రిజిస్టరు దగ్గర పనికి వస్తుంది. ప్రసవ నొప్పులు పడుతున్న స్త్రీ మాత్రం లింగాలలో ఏడుస్తుంది. ఆమెకు ధైర్యం చెప్పాలంటే మళ్ళీ మొదటి మెట్టు దగ్గరకు రావాలి.

నిజానికి ఫ్రెంచి అక్కడివారిలో చాలామందికి కూడా బడిలో నేర్చుకున్న భాషే. పాలకులతో వచ్చినది కాబట్టి దాని మీద కొన్నిచోట్ల కినుక కూడా ఉంది. మాలి దేశం 2023 రాజ్యాంగంలో ఫ్రెంచిని అధికార భాష స్థానం నుంచి తప్పించి, పని భాషగా మాత్రమే ఉంచింది. ఈ సంగతి తెలియకుండా 'మేం ఫ్రెంచి నేర్చుకుని మీ కోసం వచ్చాం' అని ఛాతీ విరుచుకుంటే వినేవారికి ఎలా ఉంటుందో ఆలోచించండి. అల్జీర్స్ అగ్రపీఠాధిపతిగా ఉంటూ 1868లో ఆఫ్రికా ప్రేషితుల సభను స్థాపించిన లవిజరీ గారు తన గురువులకు పెట్టిన నియమం తెలిసిందే: ప్రజలు మాట్లాడే భాష మాట్లాడాలి, వారు తినేది తినాలి, వారిలా ఉడుపులు ధరించాలి. ఆయన ఫ్రెంచివాడై ఉండి కూడా ఫ్రెంచి చాలునని అనలేదు. ముందు చెప్పిన విశ్వలేఖ 53వ పేరా కూడా ప్రేషితులు తాము పనిచేసే చోటి భాష నేర్చుకోవాలని విధిస్తోంది. అక్కడ చెప్పింది స్థలం భాష, ఆఫీసు భాష అని అనలేదు.

అలాగని ఫ్రెంచి ఏడాది వృథా పోలేదు. అడగడం ఆ ఇంటివారికి అలవాటైంది. తల్లి ఈసారి గేటు కోసం వెతకలేదు, నేరుగా పక్కింటి పెరట్లో ఆకుకూర దంచుతున్నావిడ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. బాబుకు జ్వరం వస్తే వంతులు వేసుకోవడం ఇద్దరికీ వచ్చేసింది. పాప మౌనకాలాన్ని చూసి తండ్రి ఈసారి కంగారుపడలేదు.

మీ విచారణ నుంచి గానీ, మీ బంధువుల్లో గానీ ఎవరైనా ఇలా భాష నేర్చుకునే మొదటి ఏడాదిలో ఉంటే వారికి ఉత్తరం రాయండి, ఫోను చేయండి. "ఎంతమందికి జ్ఞానస్నానం ఇప్పించారు? ఎన్ని బళ్ళు కట్టారు?" అని మాత్రం అడగకండి. వారు ఆ వారం చేసినదంతా నలభై క్రియలు కంఠస్థం చేసి, అందులో ముప్పై మరచిపోవడమే కావచ్చు. "ఈ వారం ఏ కొత్త మాట నేర్చుకున్నారు?" అని పిల్లల్ని అడగండి. తల్లిని విడిగా అడగండి, "నీ తరగతి ఎలా సాగుతోందమ్మా?" అని. ఆమె నిశ్శబ్దంగా ఉంటే, ఆ సంగతి వారిని పంపినవారి చెవిన వేయండి.

సాయంత్రం జపమాల వేళ అలాంటి ఇళ్ళకు ఒక చక్కని ఉపాయం ఉంది. లూర్దు క్షేత్రంలో రాత్రి దీపాల ఊరేగింపులో జపమాలను ఎన్నో భాషల్లో చెప్పడం మీలో వెళ్ళివచ్చినవారు వినే ఉంటారు. అలాగే మొదటి పదిని ఇంట్లో చిన్నవాడు తనకు వచ్చినంత ఫ్రెంచిలో మొదలుపెడితే, మిగతా నాలుగు తెలుగులో చెప్పుకోవచ్చు. వచ్చే నెల రెండు పదులు. బాబు ఎక్కడైనా ఆగిపోతే అక్క అందిస్తుంది, అక్కకూ రాకపోతే అందరూ కలిసి తెలుగులో పూర్తిచేస్తారు.